డిప్రెషన్ మందులపై సెల్ కల్చర్ పని: బెంగళూరు ల్యాబుల్లో కొత్తగా మొదలుపెట్టే వాళ్లకు

డిష్‌లో ఉన్న కణానికి దిగులు ఉండదు. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం మనుషులకు వచ్చే కష్టాలు. ప్లాస్టిక్‌కి అతుక్కుని బతికే నాడీకణానికి అవేవీ తెలియవు. అందుకే ప్రాజెక్టు సినాప్సిస్‌లో "డిప్రెషన్ మోడల్" అని రాసే ముందు, ఆ కణాన్ని ఏం అడగబోతున్నారో ఒక్క వాక్యంలో రాసుకోండి. కణం జవాబు చెప్పగల ప్రశ్నలు కొన్నే ఉన్నాయి. మందు ఏ ప్రోటీన్‌కి అతుక్కుంటోంది? స్ట్రెస్ హార్మోన్ పోస్తే ఏ జీన్లు లేస్తున్నాయి, మందు వాటిని మారుస్తోందా? కొత్త న్యూరాన్లు పుట్టడం, కొమ్మలు వేయడం పెరుగుతోందా? ఒకే మందుకు ఇద్దరు మనుషుల కణాలు వేరువేరుగా స్పందిస్తున్నాయా?

ఇవి చిన్న ప్రశ్నలేమీ కావు. 2011లో లండన్‌లోని ఒక బృందం మనిషి హిప్పోక్యాంపస్ ప్రొజెనిటర్ కణాల (న్యూరాన్లుగా మారగల కణాల) మీద సెర్ట్రలీన్ అనే డిప్రెషన్ మందు వేసి, కొత్త న్యూరాన్లు పెరగడానికి గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టార్ (స్ట్రెస్ హార్మోన్‌ని అందుకునే ప్రోటీన్) అవసరమని చూపింది. 2021లో హెల్సింకిలోని ఈరో కాస్ట్రెన్ బృందం డిప్రెషన్ మందులు నేరుగా ట్రాక్-బీ రిసెప్టార్‌లో (న్యూరాన్ల పెరుగుదలకు తోడ్పడే బీడీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్‌ని అందుకునేది) కణపొరను దాటే భాగానికి అతుక్కుంటాయని చూపింది. రెండింటిలోనూ ప్రశ్న ఇరుకుగా ఉంది కాబట్టే జవాబు గట్టిగా వచ్చింది.

ఏ కణం తీసుకోవాలి

ఎక్కువమంది చేతికి మొదట వచ్చేది ఎస్‌హెచ్-ఎస్‌వై5వై అనే సెల్ లైన్ (ల్యాబ్‌లో తరతరాలుగా పెంచుతూ వస్తున్న కణాలు). 1970లో నాలుగేళ్ల పాప ఎముక మజ్జ నుంచి తీసిన న్యూరోబ్లాస్టోమా (నాడీకణాల క్యాన్సర్) దీని మూలం. మనిషి కణం, చవక, మొండి. కానీ ఇది నోరడ్రినలిన్ వైపు మొగ్గిన కణం, సెరటోనిన్ ట్రాన్స్‌పోర్టర్ ఇందులో తక్కువ. దీంట్లో ఎస్‌ఎస్‌ఆర్‌ఐ (సెరటోనిన్ తిరిగి కణంలోకి పోకుండా ఆపే డిప్రెషన్ మందు) వేసి "సెరటోనిన్ తిరిగి లోపలికి పోవడం ఆగింది" అని రాస్తే రివ్యూయర్ వదలడు. ట్రాన్స్‌పోర్టర్ మీదే పని అయితే మనిషి సెర్ట్‌ని (సెరటోనిన్ ట్రాన్స్‌పోర్టర్‌ని) స్థిరంగా పెట్టిన హెచ్‌ఈకే293 కణాలు తీసుకోండి. ప్రతి ప్లేట్‌లో ట్రాన్స్‌పోర్టర్‌ని పూర్తిగా ఆపే పారోక్సెటీన్‌ని 1 మైక్రోమోలార్ వేసిన వెల్స్ (ప్లేట్‌లోని గుంటలు) కొన్ని ఉంచి, అక్కడ మిగిలే సిగ్నల్‌ని తీసేయాలి. అది ట్రాన్స్‌పోర్టర్‌తో సంబంధం లేని లెక్క.

పీసీ12 ఎలుక అడ్రినల్ గ్రంథి ట్యూమర్ నుంచి వచ్చింది. దీని మీద 200 నుంచి 400 మైక్రోమోలార్ కార్టికోస్టెరాన్ (ఎలుకల స్ట్రెస్ హార్మోన్) పోసి, కణాలు చచ్చాక, మందు కాపాడిందని చెప్పే పేపర్లు బోలెడు. మనిషి రక్తంలో ఉదయం పూట మొత్తం కార్టిసాల్ (మనిషి స్ట్రెస్ హార్మోన్) సుమారు 140 నుంచి 690 నానోమోలార్. అంటే దానికి కనీసం కొన్ని వందల రెట్లు పోస్తున్నారన్నమాట. రిసెప్టార్ 1 మైక్రోమోలార్‌కే నిండిపోతుంది. ఆ పైన కనిపించేది స్టెరాయిడ్ విషం. దాన్ని స్ట్రెస్ అనడం మాకు సమ్మతం కాదు.

సినాప్సులు, కొమ్మలు చూడాలంటే 18 రోజుల ఎలుక పిండం హిప్పోక్యాంపస్ నుంచి ప్రైమరీ న్యూరాన్లు తీసుకోవాలి. పాలీ-డీ-లైసిన్ పూసిన గాజు మీద చదరపు సెంటీమీటరుకు 50,000 చొప్పున వేస్తే సరిపోతుంది. దీనికి జంతు నైతిక సంఘం అనుమతి ముందే ఉండాలి. ఫైలు కదలడానికి పట్టే సమయాన్ని ప్రాజెక్టు లెక్కలో కలుపుకోండి.

లైన్ ఏదైనా సరే, పక్క ల్యాబ్ ఫ్రెండ్ ఇచ్చిన వయల్‌తో మొదలుపెట్టకండి. పుణెలోని ఎన్‌సీసీఎస్ జాతీయ కణ భాండాగారం నుంచి తెప్పించుకుని, ఎస్‌టీఆర్ ప్రొఫైల్ (కణాల డీఎన్‌ఏ గుర్తింపు) కాగితం ఫైల్లో పెట్టుకోండి. డ్రై ఐస్ పార్శిల్ గురువారం, శుక్రవారం బయలుదేరకుండా చూడండి. శనివారం ట్రాఫిక్‌లోనో గేటు దగ్గర సెక్యూరిటీ గదిలోనో ఐస్ అయిపోతే అందులో కణాలు బతకవు.

ఊరి ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది

బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి చెన్నైతో పోలిస్తే పదో వంతు తక్కువ. దీనివల్ల రెండు పనులు తేడా పడతాయి. ఒకటి ఆటోక్లేవ్. గేజ్ మీద 15 పౌండ్లు చూసి సరిపెట్టుకుంటే లోపల 121 డిగ్రీలు రావు, 119 దగ్గర ఆగుతుంది. ఒత్తిడి ముల్లును నమ్మకుండా ఉష్ణోగ్రత ప్రోబ్ చూసి 121కి చేరాకే 20 నిమిషాలు లెక్కపెట్టండి. రెండోది ఇంక్యుబేటర్. 5 శాతం కార్బన్ డయాక్సైడ్ అని పెట్టినా, నిజంగా మీడియాలో కరిగే భాగం సముద్ర తీరంలో కంటే తక్కువ. పీహెచ్ సుమారు 0.05 పైకి జరుగుతుంది. ఒక్క ల్యాబ్‌లోనే పనంతా చేస్తే పెద్ద నష్టం లేదు. చెన్నైలోనో విశాఖలోనో మరో బృందంతో కలిసి డేటా పోల్చబోతుంటే ఇక్కడ 5.5 శాతం పెట్టి, సెన్సర్‌ని ఇక్కడే క్యాలిబ్రేట్ చేయించుకోండి.

మైకోప్లాస్మా అనే బాక్టీరియా గురించి చెప్పకుండా ముందుకు పోలేం. దానికి కణకవచం లేదు కనుక పెన్సిలిన్ పనిచేయదు. మీడియా మసకబారదు, కణాలూ చావవు. లోపల జీన్ల తీరు మాత్రం మారిపోతుంది. యాంటీబయోటిక్ లేకుండా మూడు రోజులు పెంచిన కల్చర్ మీడియా తీసి నెలకోసారి పీసీఆర్ పెట్టండి. పాజిటివ్ వస్తే ఆ ఫ్లాస్కు పారేయడమే. యాంటీబయోటిక్ పోసి బతికించిన కల్చర్‌తో డిప్రెషన్ మందుల ప్రయోగం చేయకూడదు.

ఎస్‌హెచ్-ఎస్‌వై5వైని న్యూరాన్ వైపు తిప్పడం

డీఎంఈఎం/ఎఫ్12లో 10 శాతం ఎఫ్‌బీఎస్‌తో (ఆవు పిండపు సీరంతో) పెంచి, ఫ్లాస్కు 70 నుంచి 80 శాతం నిండగానే పాసేజ్ చేయండి (విడదీసి కొత్త ఫ్లాస్కులో వేయండి). ఈ కణాలు గట్టిగా అతుక్కోవు. 0.05 శాతం ట్రిప్సిన్ రెండు నిమిషాలు చాలు. పైన తేలుతున్నవి చచ్చినవనుకుని పారబోసేస్తారు కొందరు. వాటిలో చాలావరకు బతికున్నవే. ఆ మీడియాని కూడా 200 జీ వద్ద అయిదు నిమిషాలు తిప్పి, అడుగున చేరిన కణాల్ని కలుపుకోండి. ప్రతిసారీ పారబోస్తూ పోతే అతుక్కునే రకాన్నే ఏరి పెంచినట్టవుతుంది. నాలుగు నెలల తర్వాత మీ చేతిలో ఉన్నది వేరే జనాభా.

ఇందులో రెండు రకాలు కలిసి ఉంటాయి. చిన్న గుండ్రటి ఒళ్లు, రెండు కొసల నుంచి సన్నటి తీగలు ఉన్నవి ఎన్ రకం. పరిచిన అప్పడంలా పలుచగా, వెడల్పుగా కనిపించేవి ఎస్ రకం. పాసేజ్ పెరిగేకొద్దీ ఎస్ రకం పెరుగుతుంది. అవి న్యూరాన్ వైపు తిప్పే రెటినాయిక్ యాసిడ్‌కి లొంగవు, చీలుతూనే ఉంటాయి. అయిదో రోజు మైక్రోస్కోప్‌లో అప్పడాలు వెల్‌లో పావు వంతు ఆక్రమించి కనిపిస్తే ఆ ప్లేట్ మీద మందు వృథా చేయకండి. తక్కువ పాసేజ్ వయల్ తీయండి. తీసిన దగ్గర్నుంచి 15 పాసేజ్‌లు దాటకుండా పని ముగించే అలవాటు మంచిది.

చదరపు సెంటీమీటరుకు 10,000 కణాలు వేయండి. 96 వెల్ ప్లేట్‌లో వెల్‌కి సుమారు 3,200, 24 వెల్ ప్లేట్‌లో 19,000, 6 వెల్ ప్లేట్‌లో 95,000 అవుతాయి. మర్నాడు మీడియా తీసి, 1 శాతం ఎఫ్‌బీఎస్, 10 మైక్రోమోలార్ రెటినాయిక్ యాసిడ్ ఉన్న మీడియా పోయండి. 48 గంటలకోసారి మార్చుతూ ఆరు రోజులు. రెటినాయిక్ యాసిడ్ వెలుతురుకి పాడవుతుంది. 3 మిల్లీగ్రాములు 1 మి.లీ. డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగిస్తే 10 మిల్లీమోలార్ స్టాక్ వస్తుంది. 20 మైక్రోలీటర్ల చొప్పున గోధుమరంగు ట్యూబుల్లో మైనస్ 80లో దాచి, హుడ్ లైటు ఆర్పేసి వాడండి. ఒకసారి కరిగించిన ట్యూబుని మళ్లీ గడ్డ కట్టించకండి. తీగలు రావడంలేదన్న ఫిర్యాదుల్లో చాలావరకు ఈ స్టాక్ దగ్గరే తేలుతాయి.

చాలా ప్రొటోకాళ్లలో దీని తర్వాత మి.లీ.కి 50 నానోగ్రాముల బీడీఎన్‌ఎఫ్ వేయమని ఉంటుంది. తీగలు అందంగా వస్తాయి, నిజమే. అయితే మీ ప్రశ్నే బీడీఎన్‌ఎఫ్, ట్రాక్-బీ గురించి అయితే అది వేయకూడదు. మీరు పోసిన బీడీఎన్‌ఎఫ్‌నే తిరిగి కొలుస్తారు.

మీడియాలో దాక్కున్న హార్మోన్లు

డబ్బు, నెలలు ఎక్కువగా పోయేది ఇక్కడే. ఎఫ్‌బీఎస్‌లో ఆవు పిండపు కార్టిసాల్ ఉంటుంది, సెరటోనిన్ ఉంటుంది, బీడీఎన్‌ఎఫ్ ఉంటుంది. దాంతో మీ కంట్రోల్ వెల్‌కి కూడా కొంత హార్మోన్ అందుతూనే ఉంటుంది. స్టెరాయిడ్ ప్రయోగానికి కనీసం 24 గంటల ముందు చార్‌కోల్‌తో వడగట్టిన ఎఫ్‌బీఎస్‌కి మారండి.

ప్రైమరీ న్యూరాన్లకు వాడే బీ-27 సప్లిమెంట్ ఇంకా ప్రమాదం. దాని ఫార్ములాలోనే కార్టికోస్టెరాన్ ఉంది, ప్రొజెస్టెరాన్ ఉంది, థైరాయిడ్ హార్మోన్ ఉంది. రోజూ కార్టికోస్టెరాన్ తాగుతూ పెరిగిన న్యూరాన్ మీద మళ్లీ కార్టికోస్టెరాన్ పోసి "ఏ మార్పూ లేదు" అని తల పట్టుకున్నవాళ్లు ఎందరో. ప్రయోగానికి రెండు రోజుల ముందు నుంచి ఎన్-2 సప్లిమెంట్‌కి మారడం ఒక దారి. అందులో ప్రొజెస్టెరాన్ ఉంటుంది గానీ కార్టికోస్టెరాన్ లేదు. న్యూరాన్లు కొంచెం నీరసపడతాయి, అందుకే బీ-27లోనే ఉంచిన జత ప్లేట్ ఒకటి పక్కన పెట్టుకోండి. బీ-27లో యాంటీ ఆక్సిడెంట్లు కూడా ఉన్నాయి. ఆక్సిడేటివ్ స్ట్రెస్ కొలిచేవాళ్లు అవి లేని రకం కొనాలి.

అసలు మీ కణంలో గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టార్ పనిచేస్తోందా అన్నది ముందు తేల్చుకోండి. 100 నానోమోలార్ డెక్సామెథాసోన్ (ఆ రిసెప్టార్‌ని లేపే మందు) వేసి, 6 గంటలకూ 24 గంటలకూ ఎఫ్‌కేబీపీ5 జీన్‌ని క్యూపీసీఆర్‌లో (జీన్ ఎంత పనిచేస్తోందో కొలిచే పరీక్షలో) చూడండి. పక్కనే 1 మైక్రోమోలార్ మిఫెప్రిస్టోన్ (ఆ రిసెప్టార్‌ని అడ్డుకునే మందు) కలిపిన వెల్స్ ఉండాలి. అవి పెరుగుదలని ఆపాలి. ప్రైమర్లు పనిచేస్తున్నాయో లేదో తెలియడానికి ఏ549 ఊపిరితిత్తుల కణాలు వాడండి, అవి బాగా స్పందిస్తాయి. ఏ549లో లేచి మీ న్యూరాన్ లైన్‌లో లేవకపోతే తప్పు ప్రైమర్‌ది కాదు, కణం మార్చాలి. ఎలుక కణాలకు కార్టికోస్టెరాన్, మనిషి కణాలకు కార్టిసాల్. వీటిని తారుమారు చేయకండి.

మందు తూచడం, కలపడం, పోయడం

ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందు ఫ్లూయాక్సెటీన్ హైడ్రోక్లోరైడ్ అణుభారం 345.8. 10 మిల్లీమోలార్ స్టాక్‌కి మి.లీ.కి 3.458 మిల్లీగ్రాములు కావాలి. సరిగ్గా 3.46 మి.గ్రా. తూచాలని కుస్తీ పడితే మామూలు బ్యాలెన్స్ మీద మూడు శాతం తప్పు ఖాయం. పది మి.గ్రా. దరిదాపుల్లో తీసుకుని, ఎంత వచ్చిందో చూసి, దాన్ని 3.458తో భాగించి అన్ని మి.లీ. డీఎంఎస్‌ఓ పోయండి. 8.7 మి.గ్రా. పడితే 2.52 మి.లీ. అంతే. మెడికల్ షాపు మాత్ర నూరి వాడకండి, అందులో స్టార్చ్, రంగు, ఇంకా ఏవేవో ఉంటాయి. ఉప్పు రూపమా, ఉత్త బేసా అన్నది సీసా మీద చదవండి. ఫ్లూయాక్సెటీన్ బేస్ భారం 309.3. చూడకుండా లెక్కవేస్తే పది శాతానికి పైగా తేడా.

డోసు ఎంత? రక్తంలో ఫ్లూయాక్సెటీన్, దాని నుంచి ఒంట్లో తయారయ్యే నార్‌ఫ్లూయాక్సెటీన్ కలిపి మి.లీ.కి 120 నుంచి 500 నానోగ్రాములు ఉంటే చికిత్స స్థాయి అంటారు. అంటే సుమారు 0.4 నుంచి 1.6 మైక్రోమోలార్. మెదడులో అది రక్తంలో కంటే పలు రెట్లు పేరుకుంటుందని ఫ్లోరిన్ ఎమ్మార్ స్పెక్ట్రోస్కోపీతో కొలిచారు. కాబట్టి 0.1 నుంచి 10 మైక్రోమోలార్ వరకు చూడటం న్యాయం. 30 మైక్రోమోలార్ దగ్గర వచ్చిన ఫలితాన్ని మనిషికి అన్వయించకండి.

ఇంకో మెలిక ఉంది. రక్తంలో ఫ్లూయాక్సెటీన్ 94 శాతం పైగా, సెర్ట్రలీన్ 98 శాతం ప్రోటీన్లకు అంటుకునే ఉంటుంది. 10 శాతం సీరంలో కణాలు హాయిగా భరించే 10 మైక్రోమోలార్, 1 శాతం సీరంలో చంపేస్తుంది. అంటుకోవడానికి ప్రోటీన్ లేక మందంతా కణం మీదే పడుతుంది మరి. అందుకని విషపరీక్షను అసలు ప్రయోగం చేసే మీడియాలోనే, అన్నే రోజులు చేయాలి.

డీఎంఎస్‌ఓ అన్ని వెల్స్‌లో ఒక్కటిగా ఉండాలి. డీఎంఎస్‌ఓలోనే 10, 3, 1, 0.3, 0.1 మిల్లీమోలార్ మెట్లు తయారుచేసి, ప్రతిదాన్నీ వెయ్యో వంతుగా మీడియాలో కలపండి. 1 మి.లీ. మీడియాకి 1 మైక్రోలీటర్. అప్పుడు 10 నుంచి 0.1 మైక్రోమోలార్ వరకు వస్తాయి, డీఎంఎస్‌ఓ అంతటా 0.1 శాతమే. పిపెట్ కొనతో స్టాక్‌ని నేరుగా వెల్‌లో వదలకండి. అది చక్కెర పాకంలా అడుగుకి జారి, పడిన చోట కణాలను కాల్చేస్తుంది. ప్లేట్ మధ్యలో గుండ్రంగా బట్టతల కనిపిస్తే కారణం ఇదే. ముందు ట్యూబులో, 37 డిగ్రీల మీడియాతో కలిపి పోయాలి.

న్యూరాన్లకు మొత్తం మీడియా మార్చకూడదు, సగమే మార్చాలి. మొదటి రోజు రెట్టింపు సాంద్రత మందు కలిపిన మీడియా పోయండి, సగానికి పలుచనై సరిపోతుంది. తర్వాత మార్చేటప్పుడు మామూలు సాంద్రతే వేయాలి, ఎందుకంటే మిగిలిన సగంలో మందు ఇప్పటికే ఉంది. ప్రతిసారీ రెట్టింపు పోస్తూ పోతే వారం తిరిగేసరికి డోసు రెట్టింపుకి చేరువవుతుంది, మీ నోట్‌బుక్‌లో మాత్రం పాత అంకే ఉంటుంది.

ఎంతకాలం? మనుషుల్లో ఈ మందులు పట్టు చూపడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. 24 గంటల ప్రయోగం ట్రాన్స్‌పోర్టర్‌కి, సిగ్నలింగ్‌కి సరిపోతుంది. కొమ్మలు, సినాప్సులు చూస్తామంటే ప్రైమరీ న్యూరాన్లలో ఏడో రోజు నుంచి కనీసం రెండు వారాలు మందులో ఉంచండి. ఎస్‌హెచ్-ఎస్‌వై5వై అన్నాళ్లు నిలకడగా ఉండదు, దాంతో ఆ ప్రశ్న వేయొద్దు.

కొలిచేటప్పుడు మోసపోయే చోట్లు

ఎమ్‌టీటీ అనే రంగు పరీక్ష కణాల సంఖ్య చెప్పదు, మైటోకాండ్రియా పని చెబుతుంది. ఈ మందులు మైటోకాండ్రియాని తాకుతాయి. మి.లీ.కి 0.5 మి.గ్రా. ఎమ్‌టీటీతో మూడు గంటలు ఉంచి 570 నానోమీటర్ల దగ్గర చదివిన అంకె పక్కన, హెక్స్ట్ రంగు వేసి లెక్కపెట్టిన కేంద్రకాల సంఖ్య కూడా ఉండాలి. 96 వెల్ ప్లేట్ అంచు వరుసలు ఎండుతాయి. వాటిలో పీబీఎస్ (ఉప్పు ద్రావణం) పోసి వదిలేయండి, లోపలి 60 వెల్స్‌తోనే పని. కంట్రోల్ అంతా ఎడమ వైపు, మందు అంతా కుడి వైపు పెట్టకండి. చీటీలు తీసి చోటు నిర్ణయించుకోండి.

ఫ్లూయాక్సెటీన్, సెర్ట్రలీన్ వంటివి క్షారగుణం ఉన్న, కొవ్వులో కరిగే అణువులు. లైసోసోమ్‌లోకి (కణంలో చెత్తను అరిగించే సంచిలోకి) వెళ్లి ఆమ్లంలో చిక్కుకుపోతాయి. కణంలో నీటి బుడగల్లాంటి ఖాళీలు కనిపిస్తే అది మందు మానసిక గుణం అనుకోకండి, ఫాస్ఫోలిపిడోసిస్ (లైసోసోమ్‌లో కొవ్వు పేరుకోవడం) కావచ్చు. అదే పని చేసే అమియోడరోన్‌ని కంట్రోల్‌గా పెట్టండి. డిప్రెషన్‌కి సంబంధం లేని ఆ మందు కూడా మీ ఫలితాన్నే ఇస్తే సంగతి తేలిపోతుంది. ఇంకా పదునైన కంట్రోల్ కావాలంటే ఎస్‌సిటలోప్రామ్ పక్కన దాని అద్దంబొమ్మ ఆర్-సిటలోప్రామ్ వేయండి. ట్రాన్స్‌పోర్టర్‌ని ఆపే బలం దానికి మొదటిదానికంటే చాలా తక్కువ. రెండూ సమానంగా పనిచేస్తే మీరు చూస్తున్నది ట్రాన్స్‌పోర్టర్ దారి కాదు.

ఎలైసాలో (యాంటీబాడీలతో ప్రోటీన్‌ని కొలిచే పరీక్షలో) బీడీఎన్‌ఎఫ్ కొలిచేటప్పుడు కణాలు లేని ఉత్త మీడియా వెల్స్ తప్పనిసరి, సీరంలోది కూడా పలుకుతుంది. కిట్ పరిణతి చెందిన రూపాన్ని చూస్తోందా, ప్రో-బీడీఎన్‌ఎఫ్‌ని (దాని ముందు రూపాన్ని) కూడా కలిపి చూస్తోందా చదివి కొనండి. సెరటోనిన్‌ని వెల్స్‌లో పోసే ప్రయోగమైతే అదే రోజు కలపండి, ఆస్కార్బిక్ యాసిడ్ లేకపోతే ఆక్సిడైజ్ అయి గోధుమరంగుకి తిరుగుతుంది. క్యూపీసీఆర్‌లో పోల్చడానికి జీఏపీడీహెచ్ జీన్ ఒక్కదాన్నే నమ్ముకోకండి, హెచ్‌పీఆర్‌టీ1, టీబీపీ జత చేయండి.

ఒకే ప్లేట్‌లోని ఆరు వెల్స్ ఆరు ప్రయోగాలు కావు, ఒక్కటే. వేర్వేరు వయల్స్ కరిగించి, వేర్వేరు వారాల్లో, తాజాగా కలిపిన మందుతో చేసినవి మూడయితే అప్పుడు మూడు. లెక్కపెట్టే మనిషికి ఏ ప్లేట్‌లో ఏముందో తెలియకూడదు. కొమ్మల పొడవు గీసేటప్పుడు చేయి ఇష్టమైన వైపు మొగ్గుతుంది, ఎంత నిజాయితీపరులదైనా.

రోగుల నుంచి తీసిన కణాలు

బెంగళూరులో ఉండటం కలిసొచ్చేది ఇక్కడే. నిమ్హాన్స్ మానసిక వైద్య సంస్థ, ఎన్‌సీబీఎస్, ఇన్‌స్టెమ్ పరిశోధన సంస్థలు కలిసి ఏడీబీఎస్ అనే కార్యక్రమం కింద, తీవ్రమైన మానసిక జబ్బులు పలువురికి ఉన్న కుటుంబాల నుంచి రక్తం తీసుకుని ఐపీఎస్‌సీ లైన్లు (ఏ రకం కణంగానైనా మలచగల మూలకణాలు) తయారుచేసి భద్రపరిచాయి. అక్కడ బైపోలార్, స్కిజోఫ్రీనియా, ఓసీడీ వంటివి ముఖ్యం. డిప్రెషన్ మీద పనిచేసేవాళ్లు పద్ధతి నేర్చుకోవడానికి అది గట్టి పునాది. కొత్తగా లైన్లు చేయాలంటే 2017 జాతీయ స్టెమ్ సెల్ మార్గదర్శకాల ప్రకారం సంస్థలోని స్టెమ్ సెల్ కమిటీ, నైతిక కమిటీ రెండూ ఒప్పుకోవాలి.

ఈ పనిలో "ఎన్" (నమూనాల సంఖ్య) అంటే మనుషులు. ఒకే మనిషి నుంచి తీసిన మూడు క్లోన్లు ముగ్గురు మనుషులు కారు. 2019లో ఫ్రెడ్ గేజ్ బృందం 800 మందికి పైగా రోగుల్లోంచి ఎస్‌ఎస్‌ఆర్‌ఐకి బాగా స్పందించిన ముగ్గురిని, ఏమాత్రం స్పందించని ముగ్గురిని ఏరి, ఆరోగ్యవంతులు ముగ్గురితో పోల్చింది. స్పందించని వాళ్ల న్యూరాన్లు సెరటోనిన్ తగలగానే అతిగా చెలరేగాయి, వాటిలో 5-హెచ్‌టీ2ఏ, 5-హెచ్‌టీ7 అనే సెరటోనిన్ రిసెప్టార్లు ఎక్కువగా ఉన్నాయి. తొమ్మిది మందే అయినా ఫలితం నిలబడటానికి కారణం డిష్ దగ్గర కాదు, ఎంపిక దగ్గర ఉంది. ఎవరికి మందు పట్టింది, ఎవరికి పట్టలేదు అన్నది క్లినిక్‌లో వారాల తరబడి రాసిపెట్టారు.

కనుక రక్తం తీసే రోజే ఆ మనిషి వాడిన ప్రతి మందు పేరు, డోసు, ఎన్ని వారాలు వాడారు, ఎందుకు ఆపారు, అన్నీ రాయించండి. సమ్మతి పత్రం వాళ్లు ఇంట్లో మాట్లాడే భాషలో ఉండాలి. అనంతపురం నుంచో చిత్తూరు నుంచో బస్సెక్కి వచ్చిన కుటుంబానికి ఇంగ్లీషు, కన్నడ కాగితాలు చూపించి సంతకం పెట్టించకండి. "ఈ రక్తం నుంచి కణాలు పెంచుతాం, అవి ఏళ్ల తరబడి బతుకుతాయి, మీ వైద్యం దీనివల్ల ఇప్పుడు మారదు, మీరు కావాలంటే ఎప్పుడైనా వద్దనవచ్చు" అని కూర్చుని తెలుగులో చెప్పండి. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న చాలాసార్లు "మా పిల్లలకు వస్తుందా అండీ?" అనే. దానికి మీ డిష్ దగ్గర జవాబు లేదని ఒప్పుకుని, వాళ్లను చూస్తున్న డాక్టరు గారి దగ్గరికి పంపండి.